పదేళ్ల గడువు

2014 జనవరి 22, బుధవారం. సంక్రాంతి వెళ్లి వారం దాటింది. వాకిళ్లలో ముగ్గులు చెరిగీ చెరగనట్టున్నాయి. తెల్లవారకముందే హైదరాబాదు నుంచి కబురు పాకింది. అక్కినేని నాగేశ్వరరావు ఇక లేరు. ఎనభై తొమ్మిదేళ్లు నిండిన మనిషి. పేగు క్యాన్సర్. తెలుగునేల ఏడ్చింది గానీ ఉలిక్కిపడలేదు. మూడు నెలల కిందటే ఆ మాట ఆయన నోటే విన్నాం.

ముగింపు తెలిసిన కథలకు ఏడవడం మనకు ఆయనే నేర్పారు. 1953లో ‘దేవదాసు’ వచ్చినప్పుడు, పార్వతి గుమ్మం ముందే దేవదాసు ప్రాణం పోతుందని తెలిసి తెలిసీ జనం మళ్లీ మళ్లీ టిక్కెట్టు కొన్నారు. ఈసారైనా అతణ్ణి మోసుకొస్తున్న ఆ బండి కాస్త ముందు చేరకూడదా, ఈసారైనా ఆ తలుపు తెరుచుకోకూడదా అని చీకట్లో కూర్చుని కోరుకున్నారు. బండి ఏనాడూ ముందు చేరలేదు. ఈ కథలోనూ చేరదు. అయినా దారి పొడుగునా ఒక్కసారి నడిచి చూడాలి. బండి ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరెవరు దిగి దారి మార్చి ఉండవచ్చో చూడాలి.

గుడివాడ దగ్గర రామాపురం. 1924లో పుట్టిన రైతుబిడ్డ, అయిదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. చదువు ప్రాథమిక పాఠశాల దగ్గరే ఆగిపోయింది. నాటకాల్లో ఆడవాళ్లు వేషం కట్టని రోజులు. సన్నని ముఖమున్న ఆ కుర్రాడికి ఆడవేషాలు వచ్చాయి. విజయవాడ రైలు స్టేషన్లో సినీ నిర్మాత ఘంటసాల బలరామయ్య కంట పడ్డాడు. 1944లో ‘సీతారామ జననం’లో రాముడయ్యాడు. ఆ తర్వాతిది తెలుగువాడికి చెప్పక్కర్లేదు. రెండు వందల యాభైకి పైగా సినిమాలు, ఫాల్కే అవార్డు, 2011లో పద్మవిభూషణ్. మద్రాసులో ఉన్న తెలుగు సినిమాను హైదరాబాదుకు నడిపించిన పట్టుదల. బంజారాహిల్స్ రాళ్ల మధ్య భార్య పేరిట లేచిన స్టూడియో. పెద్దగా చదువుకోలేకపోయిన మనిషి పేరు మీద గుడివాడలో ఒక కాలేజీ.

ఇంత నిండిన బతుకుకు పతనమేమిటి అనిపిస్తుంది. నిజమే, ఆ మనిషి పడిపోలేదు. పడిపోయింది మరొకటి. దానికోసమే ఈ ఏడుపు. అక్కడికి వద్దాం.

ముందు గుండె మాట. 1974లో ఆయనకు అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. యాభై ఏళ్ల మనిషి. ఆ రోజుల్లో గుండె కోయించుకోవడమంటే ఇంట్లోవాళ్లు దీపం ముందు కూర్చుని రోజులు లెక్కపెట్టుకోవడమే. ఆయన తిరిగొచ్చారు. వచ్చి నలభై ఏళ్లు బతికారు. తిండిలో మితం, పొద్దున్నే నడక, వేళకు నిద్ర, కచ్చితమైన క్రమశిక్షణ. దేవుణ్ణి నమ్మని మనిషి తన ఒంటిని మాత్రం ఎంతో నిష్ఠతో చూసుకున్నారు. ఆ నలభై ఏళ్లలో తెలుగువాళ్లు ఆయన దగ్గర ఒక పాఠం బాగానే నేర్చుకున్నారు. గుండెపోటు వస్తే బతకవచ్చు. ఛాతీలో నొప్పి వస్తే దాచకూడదు. ఈసీజీ తీయించాలి. ఇవాళ ఏ పెళ్లిభోజనం దగ్గరైనా పక్క విస్తరివాళ్లు తమ స్టెంట్ల లెక్క సిగ్గుపడకుండా చెబుతారు.

గుండె చప్పుడు చేస్తుంది, భయపెడుతుంది, ఊపిరి ఆపి మరీ తన సంగతి చెబుతుంది. పేగు అలా కాదు. నోరు మూసుకుని ఉంటుంది. దాని సంగతి మాట్లాడాలంటే మనమూ నోరు మూసుకుంటాం.

1981లో ‘ప్రేమాభిషేకం’ వచ్చింది. అందులో అక్కినేనికి క్యాన్సర్. ప్రేమించిన అమ్మాయి బతుకు పాడవకూడదని తనను తానే చెడ్డవాడిగా చూపించుకుని దూరం చేసుకుంటాడు. చివరికి చనిపోతాడు. కొంగులు తడిశాయి, హాళ్లు నెలల తరబడి నిండాయి. ఎనిమిదేళ్ల తర్వాత, 1989లో, ‘గీతాంజలి’లో కొడుకు నాగార్జునకూ క్యాన్సరే. మళ్లీ ఏడ్చాం. తండ్రీకొడుకులిద్దరూ తెరమీద ఆ జబ్బును మోశారు. ఆ కథలు మనసుల్లో ఒక భావాన్ని గట్టిగా నాటాయి. క్యాన్సరంటే తీర్పు. డాక్టరు కళ్లద్దాలు తీసి, గొంతు తగ్గించి చెప్పే తీర్పు. దానికి ముందు ఏమీ లేదు, తర్వాత త్యాగం తప్ప ఏమీ లేదు. నుదుట రాసినదానికి పరీక్ష ఎక్కడ చేయిస్తాం?

అసలు జబ్బు మాత్రం అలా నడవదు. ముఖ్యంగా పెద్దపేగులో.

అయిదడుగుల పొడవున్న ఆ పేగు లోపలి పొరమీద ఎప్పుడో చిన్న పులిపిరి లాంటిది లేస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. వైద్యులు దాన్ని పాలిప్ అంటారు. చాలా పాలిప్‌లు ఏ హానీ చేయకుండానే ఉండిపోతాయి. కొన్ని మాత్రం పెరుగుతాయి, పెరుగుతూ గుణం మార్చుకుంటాయి. ఆ మార్పు రాత్రికి రాత్రి రాదు. సుమారు పదేళ్లు పడుతుంది. పదేళ్లంటే ఒక పిల్ల ఒకటో తరగతి నుంచి పదో తరగతికి ఎదిగేంత కాలం. అంతకాలమూ అది అక్కడే ఉంటుంది, కెమెరాకు కనపడేలా, తీసెయ్యడానికి వీలుగా. క్యాన్సర్లలో మనిషికి ఇంత గడువిచ్చేవి తక్కువ.

ఆ గడువును వాడుకునే సాధనం కూడా కొత్తది కాదు. పేగు లోపల చూడటానికి పంపే కొలనోస్కోపీ గొట్టం గుండా తీగ ఉచ్చు పంపి, పొట్ట కొయ్యకుండానే పాలిప్‌ను తెంపి బయటికి తీసే పద్ధతిని 1969లో న్యూయార్కులో డాక్టర్ హిరోమి షిన్యా చేసి చూపారు. అక్కినేని గుండె ఆపరేషన్‌కు అయిదేళ్ల ముందు మాట అది. కంటికి కనపడని నెత్తురును మలంలో పట్టే పరీక్ష ఏటేటా చేస్తే ఈ క్యాన్సర్ చావుల్లో మూడో వంతు తగ్గుతాయని 1993లో అమెరికాలోని మిన్నెసోటా పరిశోధన తేల్చింది. మనిషి వెళ్లి ఆ బల్లమీద పడుకోవడమే మిగిలింది. లేదా ఒక చిన్న డబ్బీ ల్యాబులో ఇచ్చి రావడం.

అక్కినేని వైద్యుల గదిలోకి తొంగిచూసే హక్కు మనకు లేదు. తొంభైకి దగ్గరపడిన మనిషి విషయంలో పరీక్షల మాట ఎత్తడం న్యాయమూ కాదు. ఆయన తన గడువుకు మించి బతికారు. ఆయన మాట విన్నవాళ్ల గడువు సంగతే ఇక్కడ చెప్పుకోవాల్సింది.

2013 అక్టోబరు 19. దసరాకూ దీపావళికీ నడుమ ఒక శనివారం. విలేకరులను అన్నపూర్ణ స్టూడియోకు పిలిపించారు. అప్పటికి భార్య అన్నపూర్ణ పోయి రెండేళ్లు కావస్తోంది. చక్కగా తయారై వచ్చి, కెమెరాల ముందు కూర్చుని, తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. తెలుగు సినిమాలో అంతటి స్థాయి ఉన్న మనిషి తన జబ్బును ఇంత నేరుగా చెప్పడం మనకు అలవాటు లేని విషయం. మన దగ్గర నటులు ‘అస్వస్థత’తో పోతారు, పెద్దలు ‘అనారోగ్యం’తో పోతారు. కుటుంబం జబ్బు పేరు పలకదు. పిల్లల సంబంధాలు చెడతాయన్న భయం ఒకటి, పేరు పలికితే అంటుకుంటుందన్న భయం మరొకటి. ఆ భయాలేవీ ఆయన దగ్గరికి రాలేదు. జాలి చూపొద్దన్నట్టు ధైర్యంగా మాట్లాడారు. దైవాన్ని నమ్మకపోయినా జనం ఆశీస్సులు కోరారు.

ఎంత గొప్ప ఘడియ అది! ఎలా చేజారిపోయిందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఆ సాయంత్రం టీవీలన్నీ ఆయన పాటలు వేశాయి. మర్నాడు పత్రికలన్నీ ధైర్యశాలి అని రాశాయి. అభిమానులు గుళ్లలో పూజలు చేశారు. అన్నీ ప్రేమతో చేసినవే. కానీ ఆ జబ్బు ఎక్కడ మొదలవుతుంది, ఎలా మొదలవుతుంది, నాకు ఉందేమో ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్నలు ఆ కోలాహలంలో వినపడలేదు. ‘ప్రేమాభిషేకం’ చూసిన కళ్లతోనే ఆ సమావేశం చూశాం. నాయకుడు తీర్పు విన్నాడు, చిరునవ్వుతో నిలబడ్డాడు, మనం ఏడవాలి. ఆయన తన ఒంటిగురించి చెప్పిన నిజాన్ని మనం మరో సినిమాగా మార్చుకున్నాం.

ఇదే మాట మరోచోట మరోలా పండింది. అమెరికాలో టీవీ వ్యాఖ్యాత కేటీ కూరిక్ భర్త జే మొనాహన్ 1998 జనవరిలో ఇదే జబ్బుతో పోయారు. వయసు నలభై రెండు. ఆమె 2000 మార్చిలో తన కొలనోస్కోపీని టీవీలోనే దేశమంతటికీ చూపించింది. తర్వాతి నెలల్లో అక్కడ ఆ పరీక్షకు వెళ్లేవాళ్లు ఇరవై శాతానికి పైగా పెరిగారని పరిశోధకులు లెక్క తేల్చారు. ఒక వితంతువు దుఃఖం ఎందరినో ఆ బల్ల దాకా నడిపించింది. మన మహానటుడి ధైర్యం మనల్ని థియేటరు దాకా నడిపించింది.

ఆయన మాత్రం తన పని ఆపలేదు. లాపరోస్కోపిక్ ఆపరేషన్ జరిగిన కొద్ది వారాలకే ‘మనం’ షూటింగుకు వెళ్లారు. మూడు తరాల అక్కినేనులు కలిసి నటిస్తున్న సినిమా. ఒంట్లో శక్తి తగ్గుతోంది. సెట్టు మీద కొడుకూ మనవడూ ఉన్నారు. తన పాత్రకు మరొకరు గొంతివ్వడం ఇష్టం లేక, పరికరాలు ఇంటికే తెప్పించుకుని మంచం దగ్గరే డబ్బింగ్ పూర్తిచేశారు. డెబ్భై ఏళ్లుగా తెలుగువాడి చెవిలో ఉన్న ఆ కంఠం చివరి వాక్యాలు అలా పలికింది. జనవరి 23న ఆయన కట్టిన స్టూడియోలోనే చితి పేర్చారు. మే 23న ‘మనం’ విడుదలైంది. తెరమీద తాతను చూసి హాలంతా లేచి చప్పట్లు కొట్టిన ఊళ్లున్నాయి. చప్పట్లు కొట్టిన చేతుల్లో నలభై అయిదేళ్లవి ఉన్నాయి, యాభై ఏళ్లవి ఉన్నాయి. కొందరి పేగుల్లో అప్పటికే చిన్న పులిపిరి ఒకటి లేచి ఉంటుంది. వాళ్ల పదేళ్లు ఆ రోజే లెక్కలోకి వచ్చాయి.

జీడిమెట్ల వెళ్దాం. పారిశ్రామికవాడలో షిఫ్టు మారే వేళ. షాపూర్ నగర్ టీకొట్టు దగ్గర ఆ శనివారం టీవీలో అక్కినేనిని చూసిన ఒక కార్మికుణ్ణి ఊహించుకుందాం. అలాంటివాళ్లు ఎందరో ఉన్నారు గనుక పేరు అక్కర్లేదు. వయసు నలభై ఆరు. ‘అయ్యో పెద్దాయన’ అన్నాడు, గ్లాసు కింద పెట్టాడు, షిఫ్టుకు వెళ్లాడు. బండి మొదటిసారి ఆగింది అక్కడే. ఎవరూ దిగలేదు.

కొన్నేళ్లకు ఒకనాటి పొద్దున మలంలో నెత్తురు కనపడింది. ‘వేడి చేసింది’ అనుకున్నాడు. బాయిలర్ దగ్గర పని, ఎండాకాలం, వేడి చెయ్యదా మరి? మజ్జిగ తాగాడు, సబ్జా గింజలు నానబెట్టుకున్నాడు, సగ్గుబియ్యం జావ కాచిపెట్టమన్నాడు. తగ్గింది. ఆ నెత్తురు వస్తూ పోతూ ఉంటుందని, తగ్గడం నయమవడం కాదని చెప్పేవాళ్లు లేరు.

మళ్లీ వచ్చింది. ఈసారి గోడమీది రాత గుర్తొచ్చింది. మొలలు, ఫిషర్, ఫిస్టులా, ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం. మన ఊళ్లలో ఆ రాత లేని ఫ్లైఓవర్ స్తంభం ఉందా? వెళ్లాడు. మందు ఇచ్చారు. వేలితో పరీక్ష కూడా చెయ్యలేదు. మనదేశంలో ఈ క్యాన్సర్ చాలామందికి పురీషనాళంలోనే, అంటే దారి చివరే వస్తుంది. చేతి తొడుగు వేసుకున్న వైద్యుడి వేలికి కొన్నిసార్లు అందేంత దగ్గర. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు అడగడానికి అతనికి సిగ్గు. బండి రెండోసారి ఆగి కదిలింది.

తర్వాత అలసట. మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాశారు. ఆ మాత్రలు వేసుకుంటే మలం ఎటూ నల్లగానే వస్తుంది, ఇక లోపలి నెత్తురు రంగు ఎవరు పోల్చుకుంటారు? నడివయసు మగవాడి ఒంట్లో రక్తం ఊరికే తగ్గదు, ఎక్కడ కారిపోతోందని వెతకాలి. వెతకలేదు. ఆడవాళ్లకైతే ఈ మాట మరీ దూరం. ‘ఆడదానికి రక్తం తక్కువ ఉండకపోతే ఎట్లా’ అని ఇంట్లోవాళ్లే సరిపెట్టేస్తారు. బాత్రూములో చూసినదాన్ని ఆమె భర్తకు చెప్పదు, కోడలికీ చెప్పదు. బండి మూడోసారి ఆగింది.

ఆఖరికి ఒక రాత్రి కడుపు బిగుసుకుపోయింది. గాలి కూడా కదలలేదు. ఆటోలో ఆసుపత్రి, ఆపరేషన్, పొట్టమీద మలసంచి, తర్వాత రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో ఫైలు పట్టుకుని నిలబడటం. 1955 నుంచి ఆ వరండా పేదవాళ్ల బరువు మోస్తూనే ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు ఆపరేషన్‌కు పనికొస్తుంది, కీమోకు పనికొస్తుంది. ముందుగా వెతికే పనికి మాత్రం మన దగ్గర పెద్ద ఏర్పాటేదీ లేదు. ప్రభుత్వం ముప్ఫై దాటినవాళ్లకు చేయించే క్యాన్సర్ పరీక్షల జాబితాలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి. పెద్దపేగు లేదు.

మాదాపూర్ అద్దాల మేడల్లో ఉన్నవాడు ఇంతకంటే అదృష్టవంతుడా? ఏడాదికోసారి కంపెనీ డబ్బుతో ‘ఫుల్ బాడీ చెకప్’ చేయించుకుంటాడు. పరగడుపున రక్తం, కొలెస్ట్రాల్, ఈసీజీ, పొట్ట స్కానింగ్. అన్నీ నార్మల్ అని మెసేజ్ వస్తుంది. ఆ స్కానింగు పేగులోని పాలిప్‌ను పట్టించేది కాదు. చాలా ప్యాకేజీల్లో మలపరీక్ష ఉండదు, ఉన్నా ఆ డబ్బీని ఇవ్వకుండా వచ్చేసేవాళ్లే ఎక్కువ. గచ్చిబౌలి వరకు వెళ్తే దేశవిదేశాల వైద్యులు ఎండోస్కోపీ నేర్చుకోవడానికి వచ్చే ఏఐజీ ఆసుపత్రి ఉంది. డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి పేరు జీర్ణకోశ వైద్యంలో లోకమంతా తెలుసు. అంత విద్య ఉన్న ఊరు మనది. అయినా ఆ విద్య దగ్గరికి ఆలస్యంగానే చేరుతున్నాం.

వయసు చిన్నదే కదా అనుకోవడానికీ లేదు. ‘బ్లాక్ పాంథర్’ నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో బయటపడేసరికి జబ్బు మూడో దశలో ఉంది. 2020లో, నలభై మూడేళ్లకే పోయాడు. ఫుట్‌బాల్ మైదానాన్ని ఏలిన పీలే, కరోనా కాలంలో వాయిదాపడిన పరీక్షలకు 2021లో వెళ్తే పెద్దపేగులో గడ్డ కనపడింది. మరుసటి ఏడాది డిసెంబరులో కన్నుమూశాడు. కండబలానికీ కీర్తికీ ఆ పేగు లొంగదు. అమెరికా వైద్యులు పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసును 2021లో యాభై నుంచి నలభై అయిదుకు దించారు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో వచ్చి ఉంటే నలభైకో, వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడే వెళ్లాలి.

2013 అక్టోబరులో ఆయన చెప్పగా విన్న తరానికి ఆ పదేళ్లు 2023తో నిండిపోయాయి. ఆనాడు టీకొట్టు దగ్గర, పెళ్లిపందిట్లో, మేడమీది సోఫాలో ఉన్న కొందరికి అప్పుడే ఎవరైనా ‘ఒక్కసారి చూపించుకో’ అని ఉంటే, ఒక పూట ఉప్పునీళ్ల మందు తాగి, ఒక అరగంట మత్తులో పడుకుని, పులిపిరి తీయించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం తినేవారు. వాళ్లలో కొందరు ఇవాళ లేరు. వాళ్ల పేర్లు పత్రికల్లో రాలేదు. వాళ్లకోసం టీవీలు పాటలు వెయ్యలేదు. తీరిగ్గా ఏడవాల్సింది వాళ్లకోసం. పడిపోయింది మరొకటని మొదట్లో అన్నాను, అది ఇదే. ఒక మహానటుడు చావు ముంగిట నిలబడి చెప్పిన మాట మన చేతుల్లోంచి పడిపోయింది. దానితోపాటు వీళ్లంతా జారిపోయారు.

అక్కినేనికి మన కన్నీళ్ల బాకీ ఏమీ లేదు. ‘దేవదాసు’ నాటి నుంచి వడ్డీతో సహా చెల్లించాం. ఆయన ఆ శనివారం చెప్పిన మాటకే బాకీ పడ్డాం. ఇవాళ ఇంట్లో నలభై అయిదు దాటిన అన్నయ్యను, అమ్మను, మేనమామను కూర్చోబెట్టి ‘మలంలో నెత్తురేమైనా పడుతోందా? పరీక్ష ఎప్పుడు చేయించుకుందాం?’ అని అడగడానికి కాస్త మొహమాటంగానే ఉంటుంది. కెమెరాల ముందు ఆ జబ్బు పేరు చెప్పడం ఆయనకూ సులువై ఉండదు. అయినా చెప్పారు. మనం అడగాలి. ఇప్పుడు అడిగినవాళ్ల ఇంట్లో పదేళ్ల గడువు ఇంకా మిగిలే ఉండవచ్చు.